స్కానింగ్ గదిలో మల్లెల వాసన

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. పొద్దుగూకాక అలిపిరి అడవిలోంచి ఒంటరిగా కట్టెలు మోసుకొచ్చినదాన్ని. ఆకు అల్లాడితే గాలి అనుకున్నానే గానీ ఇంకొకటి అనుకోలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైలనాటి మాట. చిన్నబిడ్డ పాలు మానిన ఏడాదికి నా ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. తిరుపతిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయిస్తే అంతా తెల్లగా కమ్ముకుపోయి ఏమీ తేలలేదు. చెడ్డ గడ్డయితే రొమ్ము తీసేయాల్సి వస్తుందని చెప్పి, సి.టి. స్కానింగుకు మద్రాసు పంపింది. సత్యవేడు మీదుగా పోయే బస్సెక్కి నేనూ మా ఆయనా బయల్దేరాం.

అక్కడ కమ్మలు, గాజులు, తలపిన్నులు అన్నీ తీయించారు. లోహం ఉంటే బొమ్మలో గీతలు పడతాయట. తాళి మాత్రం తీయనన్నాను. మా ఆయన బయటికి పోయి పసుపుకొమ్ము, దారం తెచ్చాడు. అది మెడలో కట్టుకున్నాకే తాళి తీశాను. పూలు నేను పెట్టుకోనే లేదు. వాటి మీద ధ్యాస ఎక్కడిది?

ముల్లంగిని చక్రాలుగా కోసినట్టు ఆ యంత్రం లోపలి కండను పొరపొరగా చూపిస్తుందట. ఒకసారి ఊరికే తీశారు. తర్వాత చేతికి సూదిమందు ఎక్కించి మళ్లీ తీశారు. చెడ్డ గడ్డ ఆ మందును పీల్చుకుని తెల్లగా వెలుగుతుందని నర్సు చెప్పింది.

ఆ రెండోసారి, బల్ల లోపలికి జరుగుతుండగా గుప్పున మల్లెల వాసన వచ్చింది. మా అవ్వ గుర్తొచ్చింది. బిడ్డకు పాలు మాన్పించినప్పుడు, పాలు ఇంకిపోవాలని నా రొమ్ములకు మల్లెపూలు కట్టింది ఆమే. ఆ నెల తిరగకుండానే పోయింది.

చెవి పక్కనే ఆమె గొంతు వినిపించింది. “కదలాకు మే. పాలే గదా!”

నేను కదల్లేదు.

అయిపోయాక యంత్రం నడిపే తమిళాయన లోపలికి వచ్చాడు. గాలి పీల్చి మొహం చిట్లించాడు. “ఏమ్మా, పూ ఎడుక్కలయా?” అన్నాడు. పూలు తీయలేదా అని. నా జడ, బల్ల కింద, దిండు కింద నర్సు చేత వెతికించాడు. ఒక్క రేకు కూడా దొరకలేదు.

గడ్డ మందు పీల్చుకోలేదు. తిరుపతిలో డాక్టరమ్మ సూదితో లాగితే చిక్కటి పాలు వచ్చాయి. పాలగడ్డేనంది. బయట బెంచీ మీదున్న మా ఆయనకు చెప్పాను.

“ఏడాది దాసిపెట్టినావే మే, కాఫీకన్నా ఇచ్చుండొచ్చు గదా!” అని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

గొంతు నా భయంలోంచి పుట్టిందేమో. మరి వాసన ఆ తమిళాయనకెందుకు వచ్చింది?

నలభై ఐదేళ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. ‘మల్లె’ రాయమన్న రోజు, ఒత్తు పెట్టడం అయ్యాక ఎవరూ చూడకుండా పలక ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. బలపం వాసనే వచ్చింది. ఆ రోజు వాసన ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు.