బల్ల వేడికి ఉడికిన మందు

లాండ్రీలో ఆవిరి లేస్తుంటే ఇస్త్రీ తాతకి మబ్బుల్లో నిలబడ్డట్టు ఉండేది. నలభై ఏళ్లుగా అదే బల్ల, అవే తెల్ల దుప్పట్లు. గోడవార మడతలు పెట్టే పెళ్లాం ఆవిరిలో కాసేపు కనపడేది, కాసేపు మాయమయ్యేది.

షుగరు ముదిరాక డాక్టరు ఆయన నడుముకి చిన్న డబ్బా పెట్టించాడు. జబ్బకి అంటించిన బిళ్ల షుగరెంతో చూసి డబ్బాకి చెబుతుంది, ఆ అంకె డబ్బా మీద కనపడుతుంది. డబ్బా దానంతటదే సన్న గొట్టంలోంచి పొట్టలోకి ఇన్సులిన్ వదులుతుంది. తినబోయే ముందు ఎంత తింటున్నాడో నొక్కితే చాలు.

మందు నింపిన రోజు బంగారంలా పనిచేసేది. మర్నాడు మధ్యాహ్నానికి అంకె మూడొందలు దాటేది. నోరు పిడచకట్టేది. దుప్పట్లు ఏరులా పారుతున్నట్టూ, తను వాటిమీద తేలుతున్నట్టూ ఉండేది. సెలవుల్లో మాత్రం ఏ గొడవా లేదు.

"పెద్దాయనా, కాలే పెట్టె పట్టుకుని తూలావంటే నా పీకమీదకొస్తుంది. ఈ వారం చూస్తా, ఇలాగే ఉంటే పని మానెయ్" అన్నాడు మేస్త్రీ.

పెళ్లాం ఇంకో రకం. "ఏవయ్యా, నా కళ్లుగప్పి ఏం మింగుతున్నావ్?"

"నీ మీదొట్టే, ఏం తినలేదు."

"నామీద ఒట్టేసి నన్నెందుకు చంపుతావ్!"

పని పోతుందన్న దిగులు కన్నా ఆ మాటే గుచ్చుకుంది.

ఆసుపత్రిలో నర్సమ్మ డబ్బాని తిప్పి తిప్పి చూసింది. "దీనికేం రోగం లేదు. ఏదీ, పనిలో ఎలా నిలబడతావో చూపించు బాబాయ్."

తాత ఆవిడ బల్ల దగ్గరికెళ్లి, అలవాటుగా పొట్ట అంచుకానించి ముందుకి వాలాడు. నడుం నొప్పికి ఇస్త్రీవాళ్లంతా అలాగే వాలతారు. డబ్బా పొట్టకీ బల్లకీ మధ్య ఇరుక్కుంది.

"మీ బల్ల వేడిగా ఉంటుందా?"

"కాలుద్దమ్మా. చలికాలం హాయి."

నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. "మందుకి వేడి పడదు. రోజంతా ఉడకబెడుతున్నావు. చెడిన మందు డబ్బా ఎంత వదిలితే ఏం లాభం?"

పక్కనే నిలబడి పెళ్లాం అంతా వింది. ఇంటికెళ్లి పాత దుప్పటి గుడ్డతో సంచి కుట్టింది. కొత్త మందు నింపాక డబ్బాని అందులో పెట్టి వీపుకి కట్టింది. బల్లకి వాలితే చంపేస్తానంది.

ఇప్పుడు అంకె ఆయనకి కనపడదు. గంటకోసారి ఆవిడే ఆవిరిలోంచి నడిచొచ్చి, వెనక చొక్కా ఎత్తి చూస్తుంది.

"నూట నలభై."

"నా దొంగతిండి ఏవన్నా బయటపడిందా?"

"నోర్మూసుకుని పని చూడు" అంది, చొక్కా దించి, ఆ వీపుమీద చెయ్యి తియ్యకుండానే.

వారం దాటింది. మేస్త్రీ అటొచ్చాడు, ఇద్దర్నీ చూశాడు, ఇంకో దుప్పట్ల కట్ట తాత బల్లమీద పడేసి వెళ్లిపోయాడు.