రెండు రోజుల అడ్మినిస్ట్రేటర్

మొన్న మా అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాము ఎక్కిస్తూ, మధ్యలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి, అదేమైనా అడిగితే యెస్ కొట్టెయ్యమని నాకు అప్పజెప్పి వంటింట్లోకి పరుగెత్తింది. అది అడగనే అడిగింది, ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్లో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని. అమ్మాయి తిరిగొచ్చేదాకా నేను మౌసు ముట్టుకోకుండా కూర్చున్నాను. ఇన్నేళ్ళు కంప్యూటర్ల ముందు బతికిన నాన్నకి యెస్ నొక్కడం రాదా అని నవ్వింది. నాకు వచ్చిందే అది ఒక్కటీ అని ఎలా చెప్పను?

మా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అమలాపురంలో సందుకొక డీటీపీ సెంటరు వెలిసిన రోజులవి. నేను పనిచేసినచోట రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక అక్క ఉండేవారు. అక్కంటే తోడబుట్టినది కాదు, నాకంటే ముందు చేరిన ఆపరేటరు. అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏం ఎక్కించాలన్నా అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వెళ్ళాలి, ఆ పాస్‌వర్డు అక్కకి తప్ప ఓనరుగారికి కూడా తెలియదు. నా పేరు పక్కన మాత్రం లిమిటెడ్ అని ఉండేది. అది నా హక్కుల గురించే అనుకున్నాను గాని, తెలివికి కూడా వర్తిస్తుందని తర్వాత తేలింది.

ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు ఇప్పటిలా కాదు. ఒకరి ఫాంటులో 'క' కూర్చున్న పీట మీద ఇంకొకరి ఫాంటులో ఏ వత్తో కూర్చునేది. అందుకే ఏదైనా కొత్తది ఎక్కించే ముందు అక్క, చేతిలో ఉన్న ప్రతి పనిలోంచీ ఒక పేజీ ప్రింటు తీసి ఉంచుకునేది, ఎక్కించాక అదే పేజీ మళ్ళీ తీసేది, రెండు కాగితాలనూ కిటికీ వెలుతురులో ఒకదాని మీద ఒకటి పెట్టి చూసేది. మేం ఆ తంతుకి పెళ్ళిచూపులని పేరుపెట్టాం.

అక్క వాళ్ళ నాన్నగారు బడి మాస్టారుగా చేసి రిటైరైనవారు. కొత్తపేట దారిలో, మా ఊరికి ఇవతల ఊళ్ళో ఉండేవారు. వాళ్ళ చర్చిలో కోతల పండుగకి ఏటేటా ఆయన కట్టిన పాటలే పాడేవారు. ఆ పాటలన్నీ అక్క తీరిక దొరికినప్పుడల్లా కంపోజ్ చేస్తూ, పుస్తకం వేయించే పనిలో ఉంది. ఆయన చూపు మెల్లమెల్లగా పోతుందనీ, పోయింది తిరిగి రాదనీ కళ్ళ డాక్టరుగారు చెప్పేశారు. ఉన్నంతలో తన పుస్తకాన్ని తన కళ్ళతో చివరిదాకా చదివి దిద్దుకోవాలన్నదే మాస్టారి కోరిక. అక్క కాపురం అమలాపురంలో కాబట్టి, సాయంత్రం ఇంటికెళ్తూ ప్రూఫులు ఆయనకిచ్చి, ఎర్రసిరాతో దిద్దినవి పొద్దున్నే పట్టుకురావడం నా పని.

ఒకసారి అక్క చుట్టాల పెళ్ళికి రాజోలు వెళ్తూ, రెండు రోజులకి పాస్‌వర్డు నా చేతిలో పెట్టింది. "ప్రింటరు మొరాయిస్తేనే తమ్ముడూ. ఇంకేం ఎక్కించకు, నీకు దణ్ణం పెడతాను" అంది. ఆ మధ్యాహ్నమే అంబాజీపేట నుంచి ఒక కొబ్బరికాయల వ్యాపారి వచ్చి, కూతురి శుభలేఖకి మెలికలు తిరిగిన అక్షరాలు కావాలన్నారు. స్నేహితుడిచ్చిన సీడీ ఒకటి నా సొరుగులో ఎప్పటినుంచో ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వెళ్ళాను. ఇదే పేరుతో పాత ఫైళ్ళున్నాయి, తీసేసి కొత్తవి పెట్టమంటారా అని అడిగింది. యెస్ అన్నాను, అన్నిటికీ యెస్ అన్నాను. "ఆయ్, ఇదండీ శుభలేఖంటే!" అని ఆయన మురిసిపోయేసరికి నేను ఉబ్బిపోయి, పెళ్ళి పనిలో పడి పెళ్ళిచూపులు మరిచాను. సాయంత్రం మాస్టారి పేజీలు ప్రింటు తీసి, చూడకుండానే సంచిలో పెట్టుకున్నాను.

మాస్టారు అరుగు మీద ఎర్రపెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. మొదటి కాగితం దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు, అద్దాలు పంచె చెంగుతో తుడిచి మళ్ళీ చూశారు.

"ఇదేంటి బాబూ, గుడులూ కొమ్ములూ ఒకదాని మీదొకటి ఎక్కేసినట్టున్నాయి. నీయి కుర్రకళ్ళు, ఓసారి చూసిపెట్టు."

చూశాను. గుణింతాలన్నీ పక్కకి జరిగిపోయాయి, వత్తులు ఎక్కకూడనిచోటికి ఎక్కాయి. చేసిందెవరో ఒక్క క్షణంలో అర్థమైంది. నిజం చెబితే అక్కకి తెలుస్తుంది, అక్కకి తెలిస్తే ఓనరుగారికి తెలుస్తుంది. కీబోర్డు మీద ఎస్కేప్ అని ఒక మీట ఉంటుంది చూడండి, నేను ఆ అరుగు మీద నొక్కింది దాన్నే.

"ఆయ్, అన్నీ సరిగ్గానే ఉన్నాయండి" అన్నాను.

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. "అయితే డాక్టరుగారు చెప్పింది వచ్చేసిందన్నమాట. మిగతాది అమ్మాయినే చూసుకోమను బాబూ" అని కాగితాలు నాకే తిరిగిచ్చేశారు.

మర్నాడు కొత్త ఫాంట్లు తీసేసి, అక్క దాచుకున్న సీడీలోంచి పాతవి పెట్టేశాను. చెడిన కాగితాలు చింపేశాను. అక్క వచ్చేసరికి యంత్రం ఎప్పటిలాగే ఉంది. మాస్టారు మాత్రం మళ్ళీ ప్రూఫు ముట్టుకోలేదు. అక్కే పుట్టింటికి పట్టుకెళ్ళి చదివి వినిపించేది, ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. నెల తిరిగాక డాక్టరుగారు పరీక్షించి, ఇంకొన్నాళ్ళు నిక్షేపంగా చదువుకోవచ్చన్నారట. ఆయన నమ్మలేదట. అక్క ఒకరోజు భోజనాల దగ్గర కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, "నాన్నగారేమో, డాక్టరుగారు నా మనసు కష్టపెట్టకూడదని అలా చెబుతున్నారే అమ్మా, ఆ కుర్రాడు సరిగ్గా ఉన్నాయని చెప్పేడు కదా, వాడికి అబద్ధం ఆడాల్సిన పనేముంది, అంటున్నారు" అని. నేను తలవంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాను.

పుస్తకం అచ్చయింది. చూపు నిజంగా పోయాక కూడా మాస్టారు చాలా ఏళ్ళున్నారు. నేను ఆ ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను, ప్రతిసారీ చెబుదామనే వెళ్ళాను, కాఫీ తాగి వచ్చేశాను. ఇప్పుడు అక్షరాలు ఏ ఊళ్ళో కొట్టినా ఏ ఊళ్ళోనైనా చెదరకుండా కనిపిస్తున్నాయి. చెదిరేది మాలాంటివాళ్ళ చూపే. ఫోనులో అక్షరం అలుక్కుపోయినట్టుంటే మా ఆవిడకి చూపిస్తాను. సరిగ్గానే ఉన్నాయండీ అంటుంది. ఆవిడకి అబద్ధమాడే అలవాటు లేదు. అయినా వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఎవరు కనిపిస్తే వాళ్ళకి ఇంకోసారి చూపించి అడుగుతాను.