కర్పూరం ఆర్పిన కమలక్క

కర్పూరం వాసన నాకు ఇప్పటికీ పడదు. ఈ ఉదయం తిరుత్తణి మురుగన్ కొండకు కావళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు మా ఊరు కనకమ్మ సత్రంలో ఆగి రోడ్డు పక్కన హారతి ఇచ్చారు. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. పక్కింటి కమలక్క పోయి ఏడాది కాలేదు. ఎప్పుడో ఊత్తుకోట నుంచి ఒంటరిగా వచ్చి, మా వీధిలో చిన్న అంగడి పెట్టుకున్న మనిషి. పిల్లలు లేరనుకునేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట, ఇలాగే ఆడి కృత్తిక పండగ నాడు, నా ఆరేళ్ళ కూతురు మీనకు జలుబు, దగ్గు, జ్వరం. జ్వరం దిగుతోందని కుదుటపడ్డాం. కావడి మేళం మా వాకిటి ముందుకు వచ్చేసరికి పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. చూపు ఎక్కడో నిలిచిపోయింది. అర్థం లేని మాటలు గొణుగుతోంది.

"బిడ్డ మిందికి సామి వచ్చినాడు," అంది మా అమ్మ. ఆ రోజు ఎవరి మీదికైనా మురుగన్ రావడం మా వైపు వింత కాదు. విభూతి పెట్టారు, కర్పూరం వెలిగించారు. ఎదురింటావిడ పిల్ల కాళ్ళు పట్టుకుని, "సామీ, మా పాపకు కల్యాణం ఎప్పుడు కుదిరేది?" అని అడిగింది.

"నీ గోల తర్వాత. ముందు సామిని మాట్లాడనీ," అని ఎవరో కసిరారు.

కమలక్క అంగడి వదిలేసి వచ్చింది. మీన గడ్డం పట్టుకుని, "నేనెవురు పాపా?" అని అడిగింది. దినమూ మిఠాయి ఇచ్చే మనిషిని పిల్ల గుర్తుపట్టలేదు. కమలక్క చెంబుడు నీళ్ళు తెచ్చి కర్పూరం మీద పోసింది.

"పాపం తగుల్తాది కమలా," అంది అమ్మ.

"తగిలితే నాకు తగలనీ పెద్దమ్మా. సామే అయితే ఆస్పత్రిలోనూ ఉంటాడు. బిడ్డనెత్తుకో అబ్బయ్యా," అంది నా వైపు తిరిగి.

తిరువళ్ళూరు ఆస్పత్రికి చేరేలోగా ఆటోలోనే ఫిట్స్ వచ్చాయి. ఆ జలుబు జ్వరం వల్లే మెదడు వాచిందనీ, ఇలా అరుదుగా జరుగుతుందనీ డాక్టరు చెప్పాడు. మేము చూసింది ముక్కు కారడం, దగ్గు, కాస్త జ్వరం. అంతే.

వార్డు బయట, "నువ్వెట్ల కనుక్కుంటివక్కా?" అన్నాను.

కమలక్క చెప్పింది. "నా కొడుకూ ఇట్లే మాట్లాడినాడు, దగ్గు తగ్గినాక. నేనే హారతి ఇస్తిని. ఊరంతా మొక్కినారు. తెల్లారేతలికి లేడు."

ఆమెకు ఒక కొడుకు ఉండేవాడని నాకు తెలిసింది అప్పుడే.

మీన బతికింది. మాటలు మళ్ళీ నేర్చుకుంది. ఎడమ కాలు ఇంకా కొంచెం ఈడుస్తుంది.

ఇప్పుడు ఎవరింట్లో పిల్లలకు జలుబు జ్వరమని తెలిసినా వెళ్తాను. నిద్రలో ఉంటే లేపుతాను. పేరు అడుగుతాను, వాళ్ళమ్మను చూపించమంటాను. "పండుకున్న బిడ్డను లేపుతావేందన్నా, నీకు వేరే పని లేదా?" అని విసుక్కుంటారు. ఆ బిడ్డ కూడా నన్ను విసుక్కునేదాకా అక్కణ్ణించి కదలను.