బావ చేతికిచ్చిన గాలం చక్రం

మా తిరుత్తణి బావ పోయారని పోయిన నెల ఒక పొద్దున కబురు వచ్చింది. మా అక్క మొగుడు ఆయన. కబురు తెచ్చినతను తిరువళ్ళూరులో మా వాకిట్లో నిలబడే చెప్పి, తిరుగు బస్సుకు తొందరపడ్డాడు. రోజూ ఎవరికో ఏదో అవుతుందని భయపడేదాన్ని నేను. ఆ పొద్దున మాత్రం ఏ భయమూ లేకుండా పప్పు ఏరుకుంటున్నాను. అందుకే ఇలా అయిందేమోనని ఇప్పటికీ నాకు అనుమానం.

ఆయన పని మగ్గాలు బాగుచేయడం. ఇష్టం మాత్రం గాలం చక్రాలు. వెనకటి దొరలు చేపలు పట్టడానికి తెచ్చుకున్న ఇత్తడి చక్రాలవి, గాలం కర్రకు బిగించి దారం చుట్టుకుంటారు. పూండి చెరువుకు చేపలకు పోయేవాళ్ళు, రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్ళు బాగుచేయమని తెచ్చి ఇచ్చేవారు. తుప్పుపట్టి బిగుసుకున్నదాన్ని కిరసనాయిల్లో నానేసి, కుట్టుమిషను నూనె చుక్కచుక్కగా పోసి విప్పేవారు. విరిగిన ముక్కల కోసం మద్రాసు పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగేవారు. ఎక్కడా దొరక్కపోతే ఆగిపోయిన గడియారాల స్ప్రింగులు కోసి సరిపెట్టేవారు. ఒకసారి మా అక్క ఒక చక్రాన్ని చెంబును తోమినట్టు చింతపండు వేసి తళతళా తోమింది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మే, దాని వయసంతా కడిగేసినావే. నన్ను కూడా ఒకసారి తోమరాదా" అన్నారు.

మా ఆయనదీ ఒక చక్రం ఉండేది. రైల్వేలో గ్యాంగు పని చేసేటప్పుడు ఒక దొర ఊరు విడిచిపోతూ ఇచ్చాడు. మా ఆయన పోయాక, ఆయన చెయ్యి పట్టి అరిగిన వస్తువంటూ నాకు మిగిలింది అదొక్కటే. వానల చెమ్మకు అది కూడా బిగుసుకుపోయింది. మళ్ళీ తిరిగితే చాలని బావ చేతికిచ్చాను.

"లోపల నాలుకలాంటి ముక్క విరిగింది మే. అది దొరికితే ఒక పూట పని" అన్నారు.

ఆ ముక్క ఏళ్ళ తరబడి దొరకలేదు. తిరుత్తణి పోయినప్పుడల్లా అడిగేదాన్ని.

"దొరికిందా బావా?"

"పాత సామానుకు తొందర తెలీదు. నువ్వు కవలై పడబాక, బెంగెందుకు."

"చెమ్మ తగుల్తుందేమో."

"తగల్దు."

"దొంగలు పడితేనో?"

"దొంగోడు దాన్ని ఎత్తకపోయి చేపలు పడతాడా మే?"

అటక మీది రేకు డబ్బా దించి, గుడ్డ విప్పి, దూరం నుంచే చూపించేవారు. చేతికిచ్చేవారు కాదు, నూనె అంటుతుందనేవారు. చూసినంతమాత్రానికే నాకు ప్రాణం కుదుటపడేది. బస్సెక్కించేటప్పుడు కండక్టరుతో, "మా మరదలు 'తిరువళ్ళూరు వచ్చిందా, వచ్చిందా' అని అడగతానే ఉంటుంది. విసుక్కోబాకప్పా" అని చెప్పి పంపేవారు. నా బెంగను విసుక్కోకుండా మోసిన మనిషి ఆయనొక్కరే అనుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు నేనే డబ్బా దించాను. చేతికి రాగానే తెలిసిపోయింది. బరువు లేదు. పైన స్క్రూలన్నీ బిగించే ఉన్నాయి. విప్పి చూస్తే పళ్ళచక్రం లేదు, స్ప్రింగు లేదు, ఇరుసు లేదు. వట్టి డొల్ల.

"అక్కా, ఇందులోవి యాడ?"

అక్క తడుముకోకుండా చెప్పింది. "అది శానామంది దగ్గరుండే రకం మే. దాని ముక్కలు వేరేవాటికి సరిపోతాయి. ఎవరన్నా వచ్చి బతిమాలినప్పుడల్లా ఒక్కోటి తీసి వాళ్ళదాంట్లో వేసినాడు. దొరికినప్పుడు మళ్ళీ పెడదామనుకున్నాడు."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాతో ఒక్క మాట అనలేదే."

"చెప్తే నువ్వు నిద్రపోతావా? తల్లడిల్లిపోతావనే చెప్పొద్దన్నాడు."

నేను బెంగపడినవేవీ జరగలేదు. జరిగినదాని గురించి మాత్రం నన్ను బెంగపడనివ్వలేదు. అది కూడా నా మంచికేనట.

ఆయన మంచివారు కాదని నేను రాయలేను. మా ఆయన పోయినప్పుడు చాలా రోజులు మా వసారాలోనే పడుకున్నారు. తలుపు గడియ పడిందో లేదోనని నేను లేచి కూర్చుంటే, "పడింది మే, పడుకో" అనేవారు. ఆ మాటకు నిద్రపట్టేది. ఇప్పుడు, ఆయన నిజంగా లేచి చూసి చెప్పేవారా అని అనుమానం వస్తోంది. ఇలాంటి అనుమానం పెట్టి పోయినందుకే నాకు కోపం.

ఆ మధ్యాహ్నమే అరక్కోణం నుంచి ఒక ముసలి ఇంజను డ్రైవరు పరామర్శకు వచ్చాడు. బావ బాగుచేసిన తన చక్రాన్ని సంచిలో తెచ్చాడు. "దీని ముక్కలు ఇంక పుట్టవన్నారమ్మా. ఆయన యాడనుంచి తెచ్చి వేసినాడో, మహానుభావుడు" అంటూ తిప్పి చూపించాడు.

టికటికమని తిరిగింది. పూండి గట్టు మీద మా ఆయన పక్కన కూర్చుని నేను విన్న చప్పుడే. మా చక్రం పళ్ళలో ఒకటి అరిగిపోయి, చుట్టు చుట్టుకూ ఒకచోట చప్పుడు తప్పేది. ఇందులోనూ తప్పింది.

అక్క నా ముఖం చూసింది. చెప్పొద్దని ఆ చూపు.

"బాగుందామ్మా?" అన్నాడాయన.

"బాగుంది. చెమ్మ తగలనీకండి" అన్నాను.

ఆయన వెళ్ళాక అక్క నా ముందు కాఫీ పెట్టింది. నేను తీసుకోలేదు. కాఫీ మీద మీగడ కట్టి, అది ముడతలు పడేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.