పైకప్పు తట్టే బావ

ఉదయం ఆరూ పదికి మా బావ హోటల్ గది పైకప్పును చేతికర్రతో మూడుసార్లు తట్టాడు. ఆయన రిటైరైన బొగ్గుగని కార్మికుడు. చప్పుడు విని కప్పు గట్టిదో కాదో తేల్చుకోవడం గనిలో నేర్చిన అలవాటు. వియత్నాంలో మా నెల రోజుల యాత్రలో అది మూడో రోజు. ఆ పొద్దున్నే కొండగుహలోకి వెళ్ళాం. అక్కడా తట్టాడు.

“ఇది గోదావరిఖని బొగ్గుబాయి గాదు బావా,” అని నవ్వాను.

రాతి లోపలినుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

“బాయిల కప్పు కూలిన్నాడు నాతోని పనిజేసే జోడీ లోపల్నే ఉండిపోయిండు. నేను మూడు కొడితే గిట్లనే రెండు కొట్టిండు. పొద్దుగూకినంక కొట్టలే,” అన్నాడు బావ. “నువ్వు బయటికి నడువు బామ్మర్ది. నేను జర కూసొని వస్త.”

గంట తర్వాత కర్ర లేకుండా వచ్చాడు.

బావ చనిపోయాక, ఎవరూ లేని గదిలోంచి రెండు దెబ్బలు బదులొస్తాయేమోనని మా ఇంట్లో ఎవరూ తలుపు తట్టడం లేదు. పేరు పెట్టి పిలుస్తున్నాం.