సున్నా చుట్టిన ఆదివారాలు

ఆమెను తెలిసినవాళ్లంతా సూదక్క అనే పిలుస్తారు. రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్ల ఉద్యోగం. చెయ్యి పట్టుకుంటే చాలు, నరం ఎక్కడుందో ఆమె వేళ్లకు తెలిసిపోతుంది. పసిపిల్లలు ఏడుపు లంకించుకునేలోపే పని అయిపోతుంది. సూది గుచ్చడం ఒక ఎత్తు, తర్వాత మైక్రోస్కోపు ముందు కూర్చుని కణాలు లెక్కపెట్టడం మరో ఎత్తు. చేతికింద మీటల పెట్టె, కన్నేమో అద్దం మీద, ఒక్కో రకం కణానికి ఒక్కో మీట, టక్కు టక్కుమని వంద వరకూ. ల్యాబు యజమాని కొత్తవాళ్లకు మొదటిరోజే ఒక మాట చెబుతాడు. కనపడింది రాయండి, కనపడనిది రాయకండి, ఏమీ కనపడకపోతే సున్నా చుట్టండి. సూదక్క ఆ మాటను బాగా వంటబట్టించుకుంది. చివరికి ఆమె కొంప ముంచింది కూడా ఆ దిక్కుమాలిన మాటే.

పెళ్లి మాటలు రెండేళ్లు నడిచి ఆగిపోయాక, ఆమె ల్యాబుకు దగ్గర్లో ఒంటిగది తీసుకుని ఉండిపోయింది. వారంలో ఆరు రోజులు రక్తం, ఏడో రోజు పొద్దుటి డ్యూటీ అయ్యాక ఆట. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అన్నయ్య ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఐదుగురు చేరేవాళ్లు. అన్నయ్య నీటిసరఫరా ఆఫీసులో నక్షలు గీస్తాడు. వారమంతా పైపులు గీసి గీసి విసుగెత్తి, ఆదివారం గుహలూ కోటలూ గీసేవాడు. ఆట ఆయన సొంతంగా అల్లిందే. ఆయన కథ చెబుతూ పోతాడు, మిగతా నలుగురూ తలా ఒక పాత్ర పట్టుకుని అందులో నడుస్తారు. పాత్ర బలం ఎంత, గాయం ఎంత, విద్యలేమిటి అన్నది ఒక కాగితం మీద ఉంటుంది. అడవిలో రాక్షసి ఎదురైతే ఏం చేస్తారో చెప్పి పాచికలు వెయ్యాలి. పడితే పడింది, లేకపోతే చచ్చారు.

డ్రైవింగ్ స్కూలు మాస్టారు యోధుడు. వారమంతా పక్క సీట్లో ప్రాణాలు అరచేత పట్టుకుని బ్రేకు తొక్కే మనిషి, ఆదివారం వచ్చేసరికి ఎక్కడ సందు కనపడితే అక్కడ కత్తి దూసి దూకేవాడు. పై వాటాలో ఉండే వకీలుగారు మాంత్రికుడు. మంత్రం వెయ్యాలంటే ముందు దాని షరతులన్నీ కోర్టులో చదివినట్టు చదివి వినిపించాలి, పది నిమిషాలు. వదిన దొంగ. ఆ ఇంట్లో ఏ పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఆ పాత్ర ఆమెకు అతికినట్టు సరిపోయింది.

సూదక్కకు మంత్రాలంటే మోజు. కానీ పద్నాలుగేళ్ల కిందట, మొట్టమొదటి ఆదివారం, ల్యాబులో ఆలస్యమై పది నిమిషాలు వెనకగా వచ్చింది.

"ఏం మిగిలింది అన్నయ్యా?"

"వైద్యం. నీకు అలవాటైన పనేగా!"

అంతే. పది నిమిషాల ఆలస్యానికి పద్నాలుగేళ్లు.

వైద్యురాలి వంతు ఎలా ఉండేదో చెప్పాలంటే ఎక్కువ సేపు పట్టదు. ఆ వంతూ ఎక్కువ సేపు ఉండేది కాదు. వకీలుగారు షరతులు చదివేవాడు, మాస్టారు కుర్చీలోంచి లేచి కత్తి తిప్పేవాడు, వదిన గోడ దూకేది. తర్వాత అందరూ ఒకేసారి ఇటు తిరిగి, "మాస్టారికి మందు వెయ్యి" అనేవాళ్లు. ఎవరికి వెయ్యాలో కూడా వాళ్లే చెప్పేవాళ్లు. ఆమె పాచిక వేసేది, మాస్టారి గాయం మానేది, వంతు అయిపోయేది. మళ్లీ అరగంట దాకా ఆమెను పలకరించేవాడు లేడు. ఊరికే కూర్చోలేక నోటు పుస్తకం తెరిచింది. ఏ ఆదివారం ఎవరు పడిపోయారు, ఎంత గాయం, వైద్యురాలు ఎంత మాన్పింది, అన్నీ గడులు గీసి రాసేది. అలా ఏడో పుస్తకం చివరి పేజీల దాకా వచ్చింది.

ఆట కథలు చుట్టుపక్కల పాకి, చివరికి ఆటల పుస్తకాలు వేసే ఒక ప్రచురణకర్త అన్నయ్యకు ఉత్తరం రాశాడు. మీ ఆట అచ్చు వేస్తాం, కానీ పాత్రల మధ్య సమతూకం ఉండాలి, ఏ పాత్రా మిగతావాటి నెత్తినెక్కి కూర్చోకూడదు, ఏదీ పనికిరాకుండా పోకూడదు అన్నాడు. అన్నయ్య కాళ్లు భూమ్మీద ఆగలేదు. సూదక్కకూ ఆశ పుట్టింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె ఒక కోరిక కోరింది.

"అన్నయ్యా, వైద్యురాలికి తనదంటూ ఒక్క విద్య పెట్టు. రోజుకొక్కసారి చాలు. నాడి పట్టి చూసి, ఎదుటి ప్రాణిని ఎక్కడ కొడితే పడుతుందో చెప్పగలగాలి. వైద్యం తెలిసినవాళ్లకు ఒళ్లు తెలియదా?"

"సమతూకం దెబ్బతింటుందేమోనే."

"ఇప్పుడు మాత్రం ఉందా? వకీలుగారు పది నిమిషాలు మంత్రం చదువుతారు. నేను పాచిక దొర్లించి చేతులు కట్టుకుంటాను. పద్నాలుగేళ్లుగా నేను ఆటలో అరటిపండునే కదా!"

వకీలుగారు గొంతు సవరించుకున్నాడు. "మాటలతో లాభం లేదు సూదక్కా. రుజువు కావాలి."

రుజువు అన్న మాట వినగానే ఆమె మొహం విప్పారింది. రుజువు చూపించమంటే ఆమెను మించినవాళ్లెవరు? మర్నాడే ఏడు పుస్తకాలూ సంచిలో వేసుకొచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది. ఆరు వందల పన్నెండు ఆదివారాల లెక్క, ఒక్క కొట్టివేత లేకుండా. వైద్యురాలి గడి ఎంత చిన్నదో చూస్తే ఎవరికైనా జాలి వేస్తుందని ఆమె నమ్మకం. అంకెలు చూసి జాలిపడతారనుకుంది పిచ్చితల్లి! ఇరవై రెండేళ్లు అంకెల మధ్య బతికి కూడా అదొక్కటి తెలుసుకోలేదు.

మూడు వారాలు అన్నయ్య ఆట పెట్టలేదు, లెక్కల్లో మునిగిపోయాడు. నాలుగో ఆదివారం కబురు పెట్టాడు. ఆ రోజు ల్యాబులో తోటి అమ్మాయికి జ్వరం వస్తే సూదక్క ఆమె పని కూడా చేసి, నాలుగింటికి గానీ రాలేకపోయింది. తన కోసం ఆగి ఉంటారనుకుని మెట్లు గబగబా ఎక్కింది. లోపల్నుంచి పాచికల చప్పుడు వినపడింది.

ఆట సగానికొచ్చింది. ఆమె కుర్చీ ముందు, కాగితం ఉండాల్సిన చోట, మూడు చిన్న గాజుసీసాలు నిలబెట్టి ఉన్నాయి. గాయాలు గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఉంటాయని ఎప్పుడో ఆమే ల్యాబు నుంచి తెచ్చిచ్చిన వాడని సీసాలు.

"రా రా, నీ పుణ్యమా అని పెద్ద చిక్కు తీరింది!" అన్నాడు అన్నయ్య. మొహం వెలిగిపోతోంది. "వైద్యుడు దొరకని జట్టు ఆడేదెలాగని ప్రచురణకర్త అడిగాడు. నీ పుస్తకాల్లోనే జవాబుంది. ఆరు వందల పన్నెండు ఆటలకూ సగటు తీశాను. వైద్యురాలు ఆటకు మాన్పింది మూడు గాయాలు. అంటే మూడు సీసాల మందు. వైద్యుడుంటే వైద్యుడు, లేకపోతే మూడు సీసాలు. చుక్క తేడా లేదు!"

"నువ్వు లేకపోయినా ఆట ఆగలేదు, చూశావా!" అంది వదిన. ఆమె మంచి మనసుతోనే అంది, అందుకే ఆ మాట మరింత గుచ్చుకుంది.

సూదక్క నిలబడే అడిగింది. "మరి నాడి చూసే విద్య?"

"అది పెడితే వైద్యురాలు నాలుగున్నర సీసాల పెట్టు అవుతుందే. తూకం పోతుంది. నీ లెక్క ప్రకారమే చెబుతున్నా. అసలు అరవై ఒక్క ఆదివారాలు నువ్వు ఏమీ చెయ్యలేదు, సున్నాలే ఉన్నాయి. అవి కూడా కలిపితేనే మూడు."

ఆ అరవై ఒక్క రోజులూ ఆమెకు పేరుపేరునా గుర్తున్నాయి.

"వంతెన దగ్గరికెళ్లిన రోజు గుర్తుందా అన్నయ్యా? వంతెన మీద ఒక్క పక్షిరెట్ట కూడా లేదని నువ్వన్నావు. మాస్టారు దూకబోతుంటే నేను ఆపాను. పక్షులే వాలని చోటు మనకెందుకన్నాను. చుట్టూ తిరిగి వెళ్లాం. అది వంతెన కాదు, పడుకున్న రాక్షసి వీపు. ఆ రోజు ఎవరికీ గీత కూడా పడలేదు. అందుకే అక్కడ సున్నా ఉంది."

అన్నయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అవునా? మరి అది పుస్తకంలో రాయలేదేం?"

గడి గీసింది ఆమే, అందులో గాయాలు తప్ప ఇంకేమీ పట్టకుండా గీసింది. దెబ్బ తగిలితే కనపడుతుంది, తగలకుండా పోయిన దెబ్బ కనపడదు. ల్యాబులోనూ అంతే, ఏ జబ్బూ లేదని వచ్చిన రిపోర్టును ఎవరూ రెండోసారి తిప్పి చూడరు. కోపం అన్నయ్య మీదో, తన చేతిరాత మీదో తేల్చుకోలేక, గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"ఆడతావా? సీసాలు తీసేస్తాం," అన్నాడు వకీలుగారు మర్యాదగా.

"వద్దు లెండి. చూస్తాను."

ఆట సాగింది. అన్నయ్య గుహ వర్ణిస్తున్నాడు. మాస్టారు పాచికలు గుప్పిట్లో గలగలలాడిస్తున్నాడు, వకీలుగారు తన కాగితంలో మొహం దాచుకున్నాడు, వదిన సీసాలు వరసగా సర్దుతోంది. "నీటి చప్పుడు వినిపిస్తోంది. కప్పలు అరుస్తున్నాయి. మీరు మలుపు తిరగ్గానే కప్పల అరుపు ఆగిపోయింది," అన్నాడు అన్నయ్య, చీకటి గురించీ రాళ్ల గురించీ చెప్పే మాటల మధ్యలో, మామూలుగా. ఆయన అలవాటే అది. హెచ్చరిక ఎప్పుడూ వర్ణనలోనే దాచేవాడు. పద్నాలుగేళ్లలో ఆ వర్ణనలు చెవిపెట్టి విన్న మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

సూదక్క నోరు తెరవబోయింది. ఆగండి అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. బల్ల మీద మూడు సీసాలు ఎండకు తళతళలాడాయి. ఆమె పెదవులు బిగించింది.

"దూకుతున్నా!" అన్నాడు మాస్టారు.

నీళ్లలో పొంచి ఉన్న రాక్షసి మీద పడింది. మొదటి సీసా మాస్టారికి పోయింది. రెండోది వదినకు. వకీలుగారు షరతులు చదవడం పూర్తయ్యేలోపే మూడోది కూడా ఖాళీ అయింది. పావుగంటలో ముగ్గురూ చచ్చారు. పద్నాలుగేళ్లుగా పెంచుకున్న పాత్రలు, ఒక్క మలుపులో. ఇప్పుడు తెలిసొస్తుంది అనుకుంది సూదక్క. ఇప్పుడైనా ఎవరో ఒకరు తన వైపు తిరిగి, నువ్వుంటే ఇలా జరిగేది కాదు అంటారు. ఆ ఒక్క మాట చాలు. విద్యా వద్దు, పుస్తకమూ వద్దు.

అన్నయ్య కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత రబ్బరు తీసుకుని, అచ్చుకు పంపాల్సిన కాగితం మీద మూడు అన్న అంకె చెరిపాడు.

"నాలుగు సీసాలు పెడదాం," అన్నాడు. "అప్పుడు సరిగ్గా కుదురుతుంది."

"నాలుగే న్యాయం," అన్నాడు వకీలుగారు. మాస్టారు కూడా తలూపాడు.

అన్నయ్య ఏడో నోటు పుస్తకం ఆమె చేతికిచ్చాడు. "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, ఈ ఆటది కూడా ఎక్కించి పెట్టు. రేపే పంపాలి."

సూదక్క ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసింది. తేదీ వేసింది. పడిపోయినవాళ్లు ముగ్గురు. గాయాలు ఎన్నెన్నో విడివిడిగా, తప్పు లేకుండా. వైద్యురాలి గడి దగ్గర కలం కాసేపు ఆగింది. తర్వాత గుండ్రంగా, అందంగా సున్నా చుట్టింది.

అది అరవై రెండోది. నిజంగా సున్నా అయింది అదొక్కటే.