చిల్లులు పూడ్చిన కారు

మద్రాసులో ఇరవై రెండు వేలు చెప్పిన రేసు కారును పద్నాలుగు వేలకు బేరమాడి తెచ్చి, రెండు నెలలు తిరగకుండానే దాన్ని పెళ్ళివారిని ఎక్కించుకుపోయే బండిగా మార్చిన మొనగాణ్ణి గుంటూరు జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అని ఇన్నేళ్ళ తర్వాత కూడా కాస్త గర్వంగానే చెప్పుకోగలను. ఇలాంటి పనికి తెలివితక్కువతనం ఒక్కటే చాలదు, వ్యాపారంలో పుట్టి పెరిగిన అనుభవం కూడా ఉండాలి. అది మా ఇంట్లో పుష్కలంగా ఉండేది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న మా మేనల్లుడు బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోనులో ఏదో చదువుకుంటూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఏమిటని అడిగితే నాకూ చూపించాడు. ఏదో కంపెనీ వాళ్ళు రేసు ట్రాక్ మీద తిప్పుకోవడానికే ఒక కొత్త కారు తెస్తున్నారట. అందులో ఏమేం ఉండాలో, ఏమేం ఉండకూడదో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒకచోట చేరి రాసుకుంటున్నారు. కళ్ళజోడు పెట్టుకుని ఓపికగా చదివాను. బరువు తగ్గాలట, వెనక సీటు అక్కర్లేదట, ముందు ఆ టీవీ అంత తెర వద్దట, గేరు చేత్తోనే మార్చుకోవాలట, రోడ్డు మీద గులకరాయి తగిలినా ఆ సంగతి స్టీరింగులోంచి అరచేతికి తెలియాలట, పది చుట్లు గట్టిగా తిప్పినా బ్రేకులు నీరుగారిపోకూడదట. తలుపు లోపలి పిడి తీసేసి గుడ్డ పట్టీ కుట్టినా చాలని ఒకాయన రాశాడు. ఏసీ కూడా పీకేసి ఇస్తే ఇంకో లక్ష ఎక్కువైనా ఇస్తానని ఇంకొకాయన.

నలభై ఏళ్ళకు పైగా కొట్లో కూర్చున్నవాణ్ణి. ధర తగ్గించమనే వాళ్ళను చూశాను, కొసరు అడిగే వాళ్ళను చూశాను, రెండూ పుచ్చుకుని మంచినీళ్ళు కూడా తాగి వెళ్ళే వాళ్ళను చూశాను గానీ, సరుకు తగ్గించి డబ్బు ఎక్కువ తీసుకోండి మహాప్రభో అనే గిరాకీని చూడలేదు.

"ఇలాంటి వాళ్ళు పదిమంది దొరికుంటే మీ తాతయ్య సగం గుంటూరు కొనేసేవాడురా" అన్నాను.

"నీ దగ్గర అలాంటి కారు ఉండేదంటగా మావయ్యా, నాన్న చెప్పాడు" అన్నాడు వాడు.

వాళ్ళ నాన్న ఎంతవరకు చెప్పాడో నేను అడగలేదు. వాడు వెళ్ళాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది మిర్చి యార్డు దగ్గర గోతాల కొట్టు. మిరపకాయలు, పత్తి గింజలు, వడ్లు, ఏ సరుకైనా గోతంలోకి ఎక్కకుండా ఊరు దాటని రోజులవి. కొత్త గోతాల మీద లాభం తక్కువ. అసలు లాభమంతా పాతవాటిలోనే. పాత గోతాలు కట్టలుగా వచ్చేవి. ఒక్కొక్కదాన్నీ ఎండకు ఎత్తిపట్టి చూస్తే చిల్లులన్నీ చుక్కల్లా మెరిసేవి. చిల్లుకి ఇంత అని లెక్కగట్టి ధర తెగ్గొట్టడం, కొన్నాక ఆ చిల్లులకు దబ్బనంతో, పురికొసతో అతుకులు వేయించి బాగున్నవాటి ధరకే అమ్ముకోవడం మా నాన్న నాకు నేర్పిన విద్య. బడిలో ఎక్కాలు సరిగా వచ్చేవి కావు గానీ, పదేళ్ళ వయసుకే గోతాన్ని ఒక్క చూపు చూసి ఎన్ని చిల్లులో చెప్పేవాణ్ణి. బేరానికి వెళ్ళినప్పుడు పక్కన వచ్చినవాడు నోరు మెదపకూడదన్నది మా ఇంటి ఇంకో నియమం. కొనేవాడి మొహంలో ఇష్టం కనపడితే ధర పెరుగుతుందని మా నాన్న గట్టి నమ్మకం. మా పెళ్ళిచూపుల్లో కూడా నేను అలాగే కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మా బావ, అంటే మా అక్క భర్త, పెళ్ళికి ముందు ఆరేళ్ళు మద్రాసులో మెకానిక్కుగా పనిచేశాడు. రేసుల్లో పాల్గొనే ఒక ప్రెస్సు యజమాని కారును తయారుచేయడమే ఆయన పని. ఇంజను విప్పేది ఈయన, బిగించేది ఈయన, రేసు రోజున గడియారం పట్టుకుని, ట్రాక్ పక్కన అడ్డంగా పేర్చిన గడ్డిమోపుల వెనక నిలబడేదీ ఈయనే. తోలేది మాత్రం యజమాని. తనూ ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ కారును రేసులో తోలాలన్నది బావ కోరిక. పెళ్ళయ్యాక ఒంగోలులో డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకోవాలని నిర్ణయం జరిగింది. మా అక్క ఐదో నెలలో ఉంది. ఆ సమయంలో మద్రాసు నుంచి కబురు వచ్చింది, ఆ యజమాని రేసులు మానేసి కారు అమ్మేస్తున్నాడని, ఫిబ్రవరిలో రేసు ఉందని.

బావ దగ్గర డబ్బు లేదు. నా దగ్గర కొద్దో గొప్పో ఉంది, కారు సరదా కూడా ఉంది. డబ్బు నేను పెట్టేటట్టు, ఫిబ్రవరి రేసు బావ తోలేటట్టు, ఆ సాయంత్రం నుంచి కారు నాది అయ్యేటట్టు ఒప్పందం. మా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒక్కసారే. ఆ తర్వాత ఆ పేరెత్తితే నేను ఊరుకోను" అంది. బావ ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు.

మద్రాసులో రైలు దిగుతూనే బావకు మా ఇంటి నియమం చెప్పాను. "నువ్వు నోరు తెరవమాక బావా. అసలు కారు వంక చూడమాక. గోడ వంక చూడు."

"నా కారు నేను చూడకూడదా ఏందిరా?"

"నీది కాదుగా ఇంకా. అయిందాకా చూడమాక."

కారు అప్పట్లో టాక్సీలుగా తిరిగే చిన్న బండే. కానీ దగ్గరికి వెళ్ళి చూస్తే నాకు పండగే అయింది. వెనక సీటు లేదు, కింద పరుపు లేదు, ముందూ వెనకా బంపర్లు లేవు, కిటికీలకు గాజు బదులు ప్లాస్టిక్కు రేకులు, స్టీరింగు చూస్తే పిల్లల ఆటబొమ్మకు ఉన్నంత. అన్నిటికంటే ఘోరం, తలుపు తీసి చూస్తే లోపలి ఇనుమంతా చిల్లులు. సీటు కింద చిల్లులు, పెడల్సుకి చిల్లులు. గోతాన్ని ఎండకు పట్టినట్టే ఉంది. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ, దీనికింత, దానికింత అని తెగ్గొడుతూ పోయాను. ఆ పెద్దమనిషి నన్నొకసారి, గోడ వంక చూస్తున్న మా బావనొకసారి చూసి నవ్వాడు. "సరే, పద్నాలుగు ఇవ్వండి. అతని చేతికి వెళ్తోంది కాబట్టి ఇస్తున్నాను" అన్నాడు. మొదటి మాట మాత్రమే నా చెవికెక్కింది.

తిరుగు ప్రయాణంలో బావ తోలాడు. ఆయన ఏదో చెప్పబోయినప్పుడల్లా నేను నా బేరం కథ మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవాణ్ణి. నెల్లూరు దాటాక నిద్రపోయాను. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చి చూస్తే, బావ చిన్నగా కూనిరాగం తీస్తున్నాడు. ఆయన పాడడం నేను విన్నది అప్పుడే.

వచ్చిన వారానికి బావకు దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ లారీలు బాగుచేసే పని తగిలింది. ఆరు వారాల పని, షెడ్డుకు కావలసిన డబ్బు. వెళ్తూ వెళ్తూ, బండి కదపొద్దు, గుడ్డ కప్పి ఉంచమని చెప్పి వెళ్ళాడు. నేను కదపలేదు కూడా, మా నాన్న అందులో మంగళగిరి వెళ్ళాలని ముచ్చటపడేదాకా. దిగేసరికి ఆయన నడుం పట్టుకుని, "ఒరేయ్, ఇది కారంట్రా, కారం దంచే రోలంట్రా? కడుపుతో ఉన్న పిల్లని అల్లుడుగారు దీంట్లో తిప్పుతాడా? పద్నాలుగు వేలు పోసి చిల్లుల బండి తెచ్చావు, అతుకులేయించాలని తెలవదంట్రా?" అన్నాడు.

ఆ మాటతో నాలోని వ్యాపారి మేలుకున్నాడు. చిల్లున్న సరుకు కొన్నాక అతుకు వేయించాలి కదా. నిజం చెప్పాలంటే అక్కనూ బావనూ సంతోషపెట్టాలన్న ఉద్దేశం కూడా ఉంది. గుంటూరులో మంచి వెల్డింగు మేస్త్రీని పట్టి, ఒక్క చిల్లు వదలకుండా రేకు వేయించి అతికించాను. కిటికీలకు దళసరి గాజు, వెనక స్పాంజి సీటు, కింద పరుపు, రెండు బంపర్లు, పైన సామాన్ల కారేజీ, వినపడితే దారి ఇవ్వాల్సిందే అన్నట్టుండే హారన్. పాత స్ప్రింగులు గట్టివని తీయించి మెత్తనివి వేయించాను. టైర్లు వెడల్పుగా, మెత్తగా ఉన్నాయి. గోరుతో గిల్లితే గుర్తు పడుతోంది, ఇవి ఎన్నాళ్ళు మన్నుతాయని వాటినీ మార్పించాను. తీసేసిన సామాను వృథా చేసే వంశం కాదు మాది; చిన్న స్టీరింగు, ప్లాస్టిక్కు రేకులు, గట్టి స్ప్రింగులు, టైర్లు అన్నీ పాత సామాన్ల వ్యాపారికి తొమ్మిది వందలకు అమ్మి, ఆ రాత్రి తృప్తిగా భోంచేశాను.

రేసుకు పన్నెండు రోజులుందనగా బావ వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీసి, లోపలి అతుకుల మీద మెల్లగా చెయ్యి వేశాడు. నేను పక్కనే నిలబడి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను.

"బాగుందిరా బామ్మర్దీ. మీ అక్కని కోటప్పకొండ తీసకెళ్ళొచ్చు" అన్నాడు. చెయ్యి అతుకుల మీదే ఉంచి, "ఆ చిల్లులు నేనే పెట్టానురా. రెండు నెలలు పట్టింది. పొద్దున పెట్టడం, సాయంత్రం తూకం వెయ్యడం. ఎక్కడ పెడితే బరువు తగ్గి, ఇనుం బలం పోదో చూసుకుని పెట్టా" అన్నాడు.

"మరి మద్రాసులోనే చెప్పొచ్చుగా బావా!"

"గోడ వంక చూడమన్నావుగా."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. మా బావ అరవడు.

మర్నాడు తెల్లవారకముందే పాత సామాన్ల వ్యాపారి ఇంటికి పోయాను. స్టీరింగు ఉంది, స్ప్రింగులు ఉన్నాయి, రేకులు ఎవరో కోళ్ళగూటికి కొనుక్కుపోయారు. టైర్లు ఒంగోలు అవతల ఒక పొగాకు రైతు పట్టుకెళ్ళాడు. ఊరు వెతుక్కుంటూ వెళ్తే, రెండు టైర్లు ఆయన ఎడ్లబండికి బిగించి ఉన్నాయి, బండినిండా పొగాకు. మిగతా రెండూ వాకిట్లో, వాటి మీద ఒక మేకపిల్ల.

"నాలుక్కీ రెండు వేలండి" అన్నాడు రైతు. "వీటితో బండి తేలిగ్గా పోతందండి. ఎడ్లు అలవాటు పడ్డాయి. మళ్ళా పాతయి ఏస్తే నా మీద అలుగుతాయండి."

నేను అమ్మిన ధరకు ఎన్ని రెట్లో లెక్క నోటిదాకా వచ్చింది. మింగేసి రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన బేరానికి సిద్ధపడి కూర్చున్నాడు పాపం, నోట్లు చేతిలో పడ్డాక కూడా అనుమానంగా నా వంక చూస్తూనే ఉన్నాడు.

"ఎంత పుచ్చుకున్నాడు?" అని అడిగాడు బావ, టైర్లు దించుతూ.

"అడిగినంత."

బావ పని ఆపి నా మొహంలోకి చూశాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

పన్నెండు రోజులూ ఇద్దరం కలిసి పీకాం. సీటు పోయింది, పరుపు పోయింది, కారేజీ పోయింది. స్ప్రింగులు మళ్ళీ ఎక్కాయి. దళసరి గాజు బదులు వేయడానికి రేకులు దొరకలేదు. అతుకులు మాత్రం రాలేదు. వాటిని కోస్తే తలుపే పోతుందన్నాడు బావ. మంచి మేస్త్రీనే పెట్టాను కదా.

రేసు మద్రాసు అవతల ఒక పాత విమానాల రన్‌వే మీద. ఎనిమిది చుట్లు. గడియారం పట్టుకుని గడ్డిమోపుల వెనక ఈసారి నేను నిలబడ్డాను. పదకొండు కార్లు బయల్దేరాయి. ఎడ్లబండి కింద పొలం బాటల్లో అరిగిన ఆ రెండు టైర్లూ మలుపు మలుపుకీ జారుతుంటే, బావ ప్రతిసారీ స్టీరింగు కొంచెం కొంచెం సర్దుకుంటూ తీసుకొస్తున్నాడు. కార్ల గురించి ఏమీ తెలియని నాకు కూడా ఆ మనిషికి తోలడం వచ్చని తెలిసిపోయింది. ఐదో చుట్టులో ఒక కారును దాటాడు. ఆరో చుట్టులో నేరుగా ఉన్న రోడ్డు మీద, తోలడం రాక కాదు, నా అతుకుల బరువు ఎక్కువై, అదే కారు ఆయన్ని దాటిపోయింది. రెండు కార్లు మధ్యలో ఆగిపోయాయి. తొమ్మిది చేరాయి. మాది తొమ్మిదోది.

దిగి, హెల్మెట్ తీసి, తాళాలు నా చేతిలో పెట్టాడు. "ఇదిగోరా, ఇక నీదే" అన్నాడు. వచ్చే ఏడు అన్నీ సరిచేసి మళ్ళీ వద్దాం బావా, డబ్బు నేను పెడతాను అన్నాను. "మీ అక్కకి మాటిచ్చాగా" అన్నాడు. అంతే. ఒంగోలులో షెడ్డు పెట్టాడు, బాగా నడిపాడు, ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. ఈ మధ్యే మోకాళ్ళ నొప్పులతో షెడ్డు కొడుక్కి అప్పగించాడు.

ఇష్టాన్ని మొహంలో కనపడనివ్వకపోవడమే తెలివి అనుకుని పెరిగాం మన తరం వాళ్ళం. ఇప్పటి పిల్లలు తమకు ఏం కావాలో, ఏం అక్కర్లేదో, ముక్కూ మొహం తెలియని కంపెనీవాడికి కూడా విప్పి చెప్పేస్తున్నారు. ధర పెంచుతాడేమోనన్న బెంగ లేదు. పెంచుతాడు కూడా. ఆ జాబితా చదువుతున్నంతసేపూ, వీళ్ళకు బేరం చేతకాదని నవ్వుకుంటూనే, మా బావ ఆనాడు ఇలా ఒక కాగితం రాసి నా చేతికిచ్చి ఉంటే అని అనుకోకుండా ఉండలేకపోయాను.

ఇక లెక్క. కారుకు పద్నాలుగు వేలు. హంగులకు మూడు వేల ఆరు వందలు. టైర్లూ స్టీరింగూ స్ప్రింగులూ తిరిగి కొన్నందుకు రెండు వేల ఐదు వందలు. రేసు రుసుము, పెట్రోలు, బస కలిపి ఎనిమిది వందలు. వచ్చిందేమిటంటే పాత సామాన్ల మీద తొమ్మిది వందలు, తర్వాత ఒక గ్రానైటు వ్యాపారికి కారు అమ్మితే తొమ్మిది వేలు. పదకొండు వేలు నికరంగా నష్టం. ఆ రోజు నా గడియారంలో బావ వేసిన మేలైన చుట్టు, అంతకుముందు ఏడు అదే కారుతో ఆ యజమాని వేసిన చుట్టుకంటే తొమ్మిది సెకన్లు వెనక. పదకొండు వేలు నావి. మిర్చి ధర బాగున్న ఆ వేసవిలోనే గోతాల మీద తిరిగి వచ్చేశాయి. తొమ్మిది సెకన్లు మా బావవి.